ముత్యాలయ్య కుడిచెయ్యి

ఎనిమిదో బంతికి సుభాషిణికి తెలిసిపోయింది.

బంతి వచ్చి గ్లోవ్‌లో పడింది. పడ్డ చప్పుడు బాగానే ఉంది. అరవై అడుగుల అవతల, ఇసకలో ఎర్రమట్టి పోసి గట్టిపరిచిన చిన్న దిబ్బ మీద నిలబడి, ముత్యాలయ్య ఎట్లా ఉందన్నట్టు గడ్డం ఎగరేశాడు. చూసేవాళ్ళెవరైనా బాగుందనే అంటారు. కానీ సుభాషిణి ఎడమ అరచేతిలో, చూపుడువేలు మొదట్లో ఒక చోటు ఉంది. మొగుడి బంతి పడిందంటే గ్లోవ్ తోలు దాటుకుని వచ్చి అక్కడ కందిరీగ కుట్టినట్టుండేది. పడుకున్నాక కూడా చాలాసేపు ఆ చోటు జిలజిలలాడుతూ ఉండేది. రెండేళ్ళుగా ఆమెకు అది అలవాటు. ఆ సాయంత్రం అక్కడ ఏమీ లేదు.

"ఇంకోటి వెయ్యి మావా."

తొమ్మిది. పది. పదో బంతి గాలిలో వంగి మరీ వచ్చింది, చూడముచ్చటగా. అరచెయ్యి మాత్రం చల్లగానే ఉంది.

"చాల్లే," అంటూ లేచి గ్లోవ్ తీసి చంకలో పెట్టుకుంది. "ఈ పొద్దు కాలువ మొగకాడ ఎన్ని వలలు వేసినావు?"

"ఎవరు లెక్కపెట్టినారు? అరవయ్యో, డెబ్బయ్యో. రొయ్య బాగా కదిలిందిలే."

"బంతులైతే పుస్తకంలో రాస్తావు గదా."

"కోచ్ సారు రాయమన్నాడు కాబట్టి బంతులు రాస్తా. వలలు కూడా రాయాల్నా?" నవ్వాడు. "అన్నం తినేటప్పుడు ఎన్ని ముద్దలు ఎత్తినానో అది కూడా రాద్దామా?"

సుభాషిణి నవ్వలేదు. అది శుక్రవారం. ఆదివారం నెల్లూరులో ఆట ఉంది. ఆ ఏడాదికి అదే ఆఖరి ఆట.

ముత్యాలయ్యది ఉప్పలదిబ్బ. చిట్టమూరు నుంచి ఆటోలో నలభై నిమిషాలు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుకాలువ, మధ్యలో తొంభై ఇళ్ళు. అందరూ వలల మీద బతికేవాళ్ళే. అట్లాంటి ఊరి మనిషి జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడాడంటే ఇప్పుడు కూడా కొత్తవాళ్ళు నమ్మరు. ఆడింది పదమూడు ఆటలు. గెలిచినవి ఎనిమిది. రెండు సీజన్లు, అంతే. అయినా ఆ రెండు సీజన్లలో ఉప్పలదిబ్బలో చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా పిచ్చర్ అనే మాట నేర్చుకున్నారు. క్రికెట్‌లో బౌలర్ ఎట్లాగో ఈ ఆటలో పిచ్చర్ అట్లాగ. పరుగెత్తుకు రాకూడదు, దిబ్బ మీద నిలబడ్డ చోటి నుంచే విసరాలి. బంతి నేలకు తగలకుండా, కర్ర పట్టుకున్నవాడికి అందకుండా, వాడి వెనక కూర్చున్న క్యాచర్ గ్లోవ్‌లోకి పోవాలి.

ఇదంతా పెంచలకృష్ణ సార్ పుణ్యం. ఆయన హైస్కూల్లో ఆటల మాష్టారు. క్రికెట్‌కి, కబడ్డీకి జిల్లా నిండా పిల్లలున్నారని, ఎవరూ తొక్కని దారిలో పోతే మన పిల్లలకు సర్టిఫికెట్లు వస్తాయని, ఎక్కడెక్కడో తిరిగి ఒక గోనెసంచి నిండా పాత గ్లోవులు, ఎర్రదారంతో కుట్టిన తెల్ల బంతులు పట్టుకొచ్చాడు. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్, మగపిల్లలకు బేస్‌బాల్. సుభాషిణి తొమ్మిదో తరగతిలో సాఫ్ట్‌బాల్ జట్టుకు క్యాచర్. ముత్యాలయ్య ఆమె కన్నా ఒక తరగతి పైన. కాలువ అవతలి గుంజ మీద బోర్లించిన డబ్బాను ఈ గట్టున నిలబడి రాయితో పడగొడుతుంటే సార్ కంటపడ్డాడు. బడి అయిపోయింది. ఇద్దరికీ పెళ్ళయింది. సముద్రం ఒడ్డున వల తాడుతో అరవై అడుగుల ఆరు అంగుళాలు కొలుచుకుని ఆడుకుంటూనే ఉన్నారు. అత్త మాలకొండమ్మ ఎండుచేపలు తిరగేస్తూ చూసి, "మొగుడూ పెళ్ళాలు కొట్టుకోవడం చూసినాగానీ, ఇట్టా దూరం కొలుచుకోని కొట్టుకోవడం యాడా చూళ్ళేదమ్మా," అనేది.

రెండు వేల పదిహేడు చివర్లో ఎవరో ఆరు ఊళ్ళ జట్లతో ఒక లీగ్ పెట్టారు. నెల్లూరు జట్టును ఒక రొయ్యల మేత వ్యాపారి కొన్నాడు. పెన్నా స్టార్స్ అని పేరు. పెంచలకృష్ణ సార్‌ను కోచ్‌గా పెట్టుకున్నారు. సార్ వెంటనే ఉప్పలదిబ్బకు బండేసుకుని వచ్చాడు.

ఊరికి పెద్దకాపు చిన్నపోలయ్య. కాపు అంటే అక్కడ ఊరి పెద్ద; తగవులు తీర్చేదీ, వలల వంతులు చూసేదీ ఆయనే. ముత్యాలయ్యకు నెలనెలా జీతమిస్తారని విని ఆయన నోరు తెరిచాడు.

"కర్ర పట్టుకునేవాడు వేరే, పరిగెత్తేవాడు వేరే. నువ్వు ఊరికే బంతి ఇసిరి ఇంటికొస్తావా? దానికి జీతమా?"

"నువ్వు వల ఇసిరి ఇంటికి రావడంలా కాపూ?"

"నా వలకి చేపలు పడతాయబ్బయ్యా. నీ బంతికి ఏం పడతాయి?"

"మనుషులు," అన్నాడు ముత్యాలయ్య.

ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు.

ఆట ఒక పక్క, మొగ ఒక పక్క. వానలు పడ్డాక ఉప్పుకాలువ ఇసకదిబ్బను తెంచుకుని సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. కార్తీకం నుంచి మాఘం దాకా రొయ్య ఆ సందులోంచే కదులుతుంది. సందు చిన్నది. రోజుకు పదిమంది కన్నా నిలబడి వల వెయ్యలేరు. అందుకని ఇంటికో వంతు. తొమ్మిది రోజులకొకసారి వస్తుంది. ఎవరి పేరు మీద వంతు ఉందో ఆ మనిషే స్వయంగా నీళ్ళలో దిగి వల వెయ్యాలి. తమ్ముడొస్తాడు, బావమరిది వస్తాడు అంటే కుదరదు. రానివాడి వంతు ఊరికి పోతుంది. మళ్ళీ పేరెక్కాలంటే వరసలో చివర నిలబడి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ముత్యాలయ్య తండ్రి పోయాక ఆ ఇంటి వంతు ముత్యాలయ్య పేరు మీదికి వచ్చింది. లీగ్ ఆటలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

సార్ పెట్టిన నియమం ఒకటే. ఒక ఆటలో తొంభై బంతులు వేస్తే నాలుగు రోజులు ఆ చెయ్యి ఏమీ విసరకూడదు. ముత్యాలయ్య ఆ మాట జవదాటలేదు. ఆ నాలుగు రోజులూ ఎండుచేపల మీద వాలిన కాకిని కూడా రాయి పెట్టి కొట్టేవాడు కాదు, ఎడమచేత్తో అదిలించేవాడు. కానీ వంతు రోజు వస్తే వల తీసుకుని మొగకు పోయేవాడు. వల వెయ్యడం ఒక పని అని అతను అనుకోలేదు. ఏడో ఏట మోకాలి లోతు నీళ్ళలో నేర్చుకున్నది, నడక లాగా. "బంతులేసిన మర్నాడు చెయ్యి కొయ్యబారినట్టు ఉంటదా, మొగలో పది వలలు పడేసరికి హాయిగా సాగతది," అనేవాడు. వంతు లేని రోజుల్లో కూడా చెయ్యి సాగదీసుకోవడానికని కాలువలో దిగి ఇరవయ్యో ముప్పయ్యో వేసి వచ్చేవాడు.

తడిసిన విసురువల సీసపుగుళ్ళతో కలిపి ఆరు కిలోలు తూగుతుంది. సగం ఎడమ మోచేతి మీద వేసుకుని, ఒక అంచు పళ్ళ మధ్య పట్టుకుని, మిగతాదాన్ని కుడిచేత్తో, ఒళ్ళంతా తిప్పి విసరాలి. బంతి తూకం దాని పక్కన ఎంత! కానీ ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు. సార్ బుచ్చిరెడ్డిపాలెం మనిషి, వరిపొలాల ఇంట పుట్టినవాడు. వలను దూరం నుంచి చూడ్డమే. అడగాలని ఆయనకు తోచలేదు, చెప్పాలని వీళ్ళకు తోచలేదు. సుభాషిణి గట్టున బుట్ట పెట్టుకుని కూర్చుని, "ఇంకో రెండెయ్యి మావా, బుట్ట నిండిపోద్ది," అని తనే చెప్పిన రోజులున్నాయి.

ఆ శుక్రవారం సాయంత్రం, చల్లటి అరచేతిని చూసుకుంటూ, ఆ లెక్క మొదటిసారి ఆమె వేసింది.

కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది.

"ఎవరికి?" అన్నాడు ముత్యాలయ్య.

"సారుకి."

అతను నాలుగంగల్లో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నది ఎడమచేత్తో. అది కూడా సుభాషిణి చూసింది.

"నొప్పిగా ఉందా?"

అతను కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి మావా?"

"ఈ ఏడు మూడో ఆట నుంచి. మోచేతి లోపల ఎవరో దారం పట్టుకుని గుంజినట్టు ఉంటది. కాసేపటికి పోతది." గొంతు తగ్గించాడు. "ఒక్క ఆట, సుభా. ఆదివారం లీగోళ్ళు పైనుంచి వస్తారు. వచ్చే ఏడు ఎవర్ని పెట్టుకోవాల్నో ఆ పొద్దే రాసుకోని పోతారు. దిబ్బ మీద నేను లేకపోతే నా పేరు యాడ రాస్తారు?"

"చెయ్యి తెగిపోతేనో?"

"తెగడానికి అదేమైనా నూలు దారమా?"

"నువ్వేగా దారం అన్నావు."

అతనికి కోపం వచ్చింది. వచ్చిన కోపం వచ్చినట్టే దిగిపోయింది. ఇసకలో ఆమె ఎదురుగా కూర్చుని కుడిచెయ్యి చాపాడు.

"ఒట్టెయ్యి. సారుకి చెప్పనని. ఈ చేతి మీద వెయ్యి."

ఉప్పలదిబ్బలో ఒట్టుకు ఉన్న విలువ కాగితాలకు లేదు. తగవులు ఒట్టుతోనే తేలేవి. దేని మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తే, తప్పినప్పుడు దానికే కీడు అని పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన పిల్ల సుభాషిణి. అరచెయ్యి అతని మోచేతి మీద పెట్టింది. జ్వరమొచ్చిన బిడ్డ నుదుటిలా కాలిపోతోంది.

"చెప్పను," అంది.

శనివారం అతను నెల్లూరు పోయి జట్టుతో ఉన్నాడు. ఆదివారం పొద్దున ఊళ్ళోవాళ్ళు ఒక టెంపో మాట్లాడుకుని గూడూరు మీదుగా బయల్దేరారు. దారి పొడుగునా చిన్నపోలయ్య ఆట నియమాలు అందరికీ తప్పుగా వివరిస్తూ వచ్చాడు.

మైదానంలో క్యాచర్ వెనక ఇనుప జాలీ కట్టారు. దాని వెనక మొదటి వరసలో కూర్చుంటే పిచ్చర్ మొహం ఎదురుగా కనపడుతుంది. సుభాషిణి అక్కడ కూర్చుంది. పక్కన మాలకొండమ్మ. అవతల ఒక బోర్డు మీద ప్రతి బంతికీ వేగం పడుతోంది. ముత్యాలయ్య మామూలుగా నూట ముప్పై కిలోమీటర్లు వేసేవాడు. మొదటి బంతికి బోర్డు మీద నూట ఇరవై ఆరు పడింది.

"కర్ర ఊపి, తగలకపోతే మనకి మంచిదా?" అంది మాలకొండమ్మ.

"అవునత్తా."

"అయితే ఊపమనే."

మొదటి ముగ్గురూ వరసగా ఊపి ఊపి పోయారు. "మనుషులు పడతా ఉండారురోయ్!" అని చిన్నపోలయ్య అరిస్తే టెంపో జనమంతా ఈలలు వేశారు. రెండో విడత అయ్యేసరికి బోర్డు మీద నూట ఇరవై రెండు. మూడో విడతకు నూట పందొమ్మిది. ఆట అంతా ఏడు విడతలు. ముత్యాలయ్య వేగం మానేసి మెల్లగా వంగే బంతులు వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ నుదుటి చెమట తుడుచుకుంటున్నట్టు మోచెయ్యి పైకెత్తి, ఎడమ బొటనవేలితో లోపలి వైపు నొక్కుకుంటున్నాడు. జనానికి అది చెమట తుడుచుకోవడమే.

నాలుగో విడతలో అవతలి జట్టు ఒక పరుగు తీసింది. మనవాళ్ళవి రెండు. ఐదో విడతలో అవతలివాళ్ళు ఇద్దరు దారిలో నిలబడ్డారు. ఒక్క మంచి దెబ్బ తగిలితే ఇద్దరూ మొదలుపెట్టిన చోటికి చేరి రెండు పరుగులు తెస్తారు. ముత్యాలయ్య అప్పటికి అరవై ఒక్క బంతులు వేశాడు. అరవై ఒకటోదానికి బోర్డు మీద నూట పన్నెండు పడింది.

పెంచలకృష్ణ సార్ చెయ్యెత్తి ఆట ఆపించాడు. దిబ్బ దగ్గరికి పోలేదు. సరాసరి జాలీ దగ్గరికి వచ్చాడు.

"సుభాషిణీ, ఇట్లా రామ్మా."

ఆమె లేచి జాలీ పట్టుకుని నిలబడింది. తొమ్మిదో తరగతిలో బంతి వదిలేసినప్పుడు కూడా ఆయన ఇట్లాగే పిలిచేవాడు.

"నా మొహం చూసి చెప్పు. వీడు మంగళవారం ప్రాక్టీసు అయినప్పటి నుంచి ఏం చేసినాడు? నిద్రపోయినా సార్ అంటాడు. నిద్రపోయిన చెయ్యి కాదు అది."

సార్ భుజం మీదుగా ముత్యాలయ్య కనపడుతున్నాడు. దిబ్బ మీద నిలబడి, బంతిని వేళ్ళ మధ్య తిప్పుతూ, ఆమె వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల కొద్దిగా ఆడించాడు. అంత దూరం నుంచి ఇంకెవరికీ తెలియదు.

చెబితే ఒట్టు తప్పుతుంది. ఒట్టు ఆ చేతి మీదే. చెప్పకపోతే ఇంకో ముప్పై బంతులు, ఆ చేతితోనే. ఎటు చూసినా ఆ చెయ్యే కనపడింది సుభాషిణికి. ఒట్టు తప్పితే ఏమవుతుందో ఆమె ఎన్నడూ కళ్ళతో చూడలేదు, విన్నది మాత్రమే. మోచేతి వేడి మాత్రం తన అరచేతికి తెలుసు.

"ఏందిమే అడుగుతుండాడు సారు?" అంది వెనక నుంచి మాలకొండమ్మ.

"త్వరగా చెప్పమ్మా. అంపైర్ పిలుస్తుండాడు."

"వలలు వేసినాడు సార్."

"ఏం వలలు?"

"ఇసురువల. మొగకాడ మా వంతు. మొన్న శుక్రవారం డెబ్బై. అంతకు ముందు వంతుకి ఎనభై ఉంటాయి. మధ్యలో కాలువలో ఊరికే చెయ్యి సాగడానికని ఇంకొన్ని."

సార్‌కు ముందు అర్థం కాలేదు. "వల ఎంత బరువుంటుంది?"

"తడిస్తే ఆరు కిలోలు."

ఆయన జాలీ మీద చెయ్యి ఆనించాడు. "ఈ ఒక్క వారమేనా?"

"పోయినేడు కూడా సార్. అది కూడా లెక్కేనని మాకు తెలీలా. మోచేతి లోపల నొప్పుంది. మూడో ఆట నుంచి. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

సార్ వెనక్కి తిరిగి దిబ్బ వైపు నడిచాడు. దగ్గరికి పోయి అరచెయ్యి చాపాడు, బంతి ఇమ్మని. ముత్యాలయ్య ఇవ్వలేదు. సార్ చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇవతలికి వినపడలేదు. జనంలో ఎవరో "ఏందిరా, పంచాయితీ పెట్టినారా?" అని అరిచారు. చివరికి ముత్యాలయ్య బంతిని సార్ అరచేతిలో పెట్టాడు. పెట్టి, జట్టు కూర్చున్న బెంచీ వైపు పోకుండా, గీతలన్నీ దాటుకుని, గేటు బయటికి నడిచిపోయాడు.

అతని స్థానంలో వచ్చిన కుర్రవాడి రెండో బంతినే అవతలివాడు దూరంగా కొట్టేశాడు. పెన్నా స్టార్స్ ఓడిపోయింది. పైనుంచి వచ్చినవాళ్ళు రాసుకుపోయిన పేర్లలో ముత్యాలయ్య పేరు లేదు.

సోమవారం సార్ అతన్ని దగ్గరుండి స్కాన్ తీయించాడు. మోచేతి లోపల ఎముకలను పట్టి ఉంచే నరం లాంటి కట్టు సగానికి తెగిందన్నారు. డాక్టర్ ఫిల్మ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఈ మిగతా సగం కూడా ఎన్నో బంతులు ఆగేది కాదు. పూర్తిగా తెగుంటే అన్నం కూడా ఎడమచేత్తో తినాల్సొచ్చేది," అన్నాడు. ఆరు నెలలు ఏమీ విసరకూడదు. బంతి కాదు, వల కాదు, గులకరాయి కూడా కాదు. ఒక్కటి కూడా.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగానే ఉన్నాయి. లీగ్ మరుసటి ఏడు మొదలై మధ్యలో ఆగిపోయింది. ముత్యాలయ్య మళ్ళీ జీతానికి ఆడలేదు. పడవల మీద కూలికి పోయాడు, వలలు బాగుచేశాడు. ఇరవై ఇరవై ఒకటి మే నెలలో, రెండో కరోనాలో, తొమ్మిది రోజుల జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ తొమ్మిది రోజుల గురించి రాయడానికేమీ లేదు. లోపలికి ఎవర్నీ పోనివ్వలేదు. అతని గురించి చెప్పవలసింది ఉంటే, అది ఆఖరి ఆట అయిన ఏడో రోజున జరిగింది.

ఆ ఏడు రోజులూ ముత్యాలయ్య పెళ్ళాంతో మాట్లాడలేదు. చెయ్యి మెడకు కట్టుకుని వాకిట్లో కూర్చుని, "అమ్మా, నీళ్ళిమ్మను," అనేవాడు, సుభాషిణి పక్కనే నిలబడి ఉన్నా సరే. సుభాషిణి చెంబు తెచ్చి పెట్టేది. ఒట్టు సంగతి మాలకొండమ్మకు టెంపోలోనే తెలిసిపోయింది, మర్నాటికి ఊరంతటికీ తెలిసింది. ఆదివారం ఒట్టు తప్పింది, సోమవారం చెయ్యి తెగిందన్నారు. ఇంకేం కావాలి? "మాట నిలబెట్టుకోని దానికి చెయ్యి మాత్రం యాడ నిలబడతది," అని మాలకొండమ్మ పొయ్యితో చెప్పినట్టు చెప్పేది. ఇంకొన్ని బంతులు వేసుంటే మొత్తం తెగేదని డాక్టర్ చెప్పిన మాట ఆమెకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది.

ఏడో రోజు వంతు వచ్చింది.

తెల్లవారేసరికి మొగ దగ్గర ఆ పూట వంతు ఉన్న మగవాళ్ళు వలలు భుజాన వేసుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు గట్టున బుట్టలతో. చిన్నపోలయ్య ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. పిలిచినవాడు నీళ్ళలో దిగి మొదటి వల వేస్తే వంతు నిలిచినట్టు. మాలకొండమ్మ కొడుకు వలను తనే భుజాన మోసుకొచ్చింది. ముత్యాలయ్య వెనకే వచ్చాడు, చెయ్యి మెడకు వేలాడుతూ.

"ముత్యాలయ్యా," అని పిలిచి, చిన్నపోలయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "విను అబ్బయ్యా. మీ నాయనా నేనూ ఈ నీళ్ళలోనే పెరిగినాము. ఆయన వంతు పోగొట్టడం నాకిష్టం లేదు. ఒక్క వల వెయ్యి. ఒకటంటే ఒకటి. విప్పుకోకపోయినా, కుప్పగా పడినా సరే, పడిందనే రాసుకుంటా. మిగతా సంగతి తర్వాత చూసుకుందాం."

"ఒక్కటేగా నాయనా," అంది మాలకొండమ్మ, వల అందిస్తూ. "ఒక్కదానికి ఏమైతది?"

ముత్యాలయ్య మెడలోంచి కట్టు తీశాడు. చెయ్యి మెల్లగా చాచాడు, పూర్తిగా చాచుకోలేదు. వల సగం ఎడమ మోచేతి మీద వేసుకున్నాడు. అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మిగతా మడతలు కుడిచేతిలోకి తీసుకుంటుంటే అతని మెడ నరాలు బిగుసుకోవడం గట్టు మీది నుంచి సుభాషిణికి కనపడింది. మోకాలి లోతుకు దిగాడు.

సుభాషిణి బుట్ట అంచు రెండు చేతులా పట్టుకుంది. వద్దు మావా అని గొంతుదాకా వచ్చింది. ఒకసారి ఊరందరి ముందూ చెప్పి చూసింది. దాని ఫలం ఏడు రోజులుగా అనుభవిస్తోంది. ఈసారి చెప్పవలసింది తను కాదు. నోరు మూసుకుని అతని కుడి భుజం వైపు చూస్తూ నిలబడింది. ఆ భుజం వెనక్కి పోయిందా, అయిపోయినట్టే.

ఒక అల వచ్చి మోకాళ్ళను తాకి పోయింది. ఇంకొకటి వచ్చింది. పక్కన దిగినవాళ్ళు వలలు విసరడం ఆపి చూస్తున్నారు. భుజం కొంచెం వెనక్కి కదిలింది. అక్కడ ఆగింది.

మూడో అల పోయాక ముత్యాలయ్య పళ్ళ మధ్య అంచు వదిలేశాడు. సీసపుగుళ్ళు టపటపమని నీళ్ళలో పడ్డాయి. వలను ఎడమచేత్తో ఈడ్చుకుంటూ గట్టెక్కాడు.

"కాపూ, మా వంతు ఊరికి రాసుకో."

"ఒరే, ఒరే!" మాలకొండమ్మ గుండె మీద కొట్టుకుంది. "మీ నాయన నలభై ఏళ్ళు నిలబెట్టిన వంతురా! ఆ మహాతల్లి ఒట్టు తప్పబట్టేగా ఈ గతి పట్టింది నీకు!"

"ఒట్టు వేయించుకున్నది నేను," అన్నాడు ముత్యాలయ్య. అందరికీ వినపడేటట్టే అన్నాడు. "తెగిన చేతి మీద వేయించుకున్నా. అది నోరు తెరవబట్టి సగం మిగిలింది. ఆ సగం పెట్టుకుని నేను బతకాల. కోడల్ని ఇంకేం అనమాకమ్మా."

చిన్నపోలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. ఊరికి రాసినా," అన్నాడు. గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు.

ముత్యాలయ్య గట్టు మీది ఆడవాళ్ళ వైపు నడిచి వచ్చాడు. పెదవి కొరుక్కున్నచోట నెత్తురు ఊరింది. ఏడు రోజుల తర్వాత మొదటిసారి సుభాషిణి మొహంలోకి చూశాడు.

"ఏంమే, అట్టా చూస్తావేంది? వచ్చి ఒక కొస పట్టు. ఒక్కణ్ణి మోయలేను."

ఆమె ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ ఇసకలో నీళ్ళు కారుస్తూ ఇంటి వైపు నడిచారు. మాలకొండమ్మ వెనక తిట్టుకుంటూ, మధ్యమధ్య ఆగి ముక్కు చీదుకుంటూ వస్తోంది. మొగ దగ్గర చిన్నపోలయ్య తర్వాతి పేరు పిలిచాడు.